మూడు దెబ్బలకు జవాబు

ఇల్లందు బస్టాండు వెనక సందులో మున్వర్‌కు మైక్ సెట్ దుకాణం ఉంది. పెళ్ళయినా, పీర్ల పండగయినా, పోలియో చుక్కల ప్రచారమయినా ఆ చుట్టుపక్కల ఊళ్ళకు ఒకప్పుడు మైకు ఆయన దగ్గర్నుంచే కిరాయికి పోయేది. డీజేలు వచ్చాక గిరాకీ తగ్గింది. ఇప్పుడు ఆయన పగిలిన స్పీకర్లకు అట్టలు అంటిస్తూ, తెగిన వైర్లు అతుకుతూ కూర్చుంటాడు.

ఆ దుకాణంలో పై అర మీద, పాత యాంప్లిఫయర్ వెనక, ఒక క్యాసెట్ ఉంది. ఇరవై రెండేళ్ళుగా అది అక్కడే ఉంది. మున్వర్ దాన్ని తీయడు, పారేయడు. దుమ్ము దులిపేటప్పుడు గుడ్డ దాని దాకా పోయి, చుట్టూ తిరిగి, వెనక్కి వచ్చేస్తుంది. దాని మీద నీలం సిరాతో "వీరబాబు, క్లబ్బు" అని రాసి ఉంది. రాసింది మున్వరే.

వీరబాబు ఎవరో చెప్పాలి. టేకులపల్లి అవతల, అడవి పక్క గూడెం మనిషి. బొగ్గు గనిలో పని చేసేవాడు. గని లోపలికి మనుషులను దింపే, పైకి లాగే బండి ఉంటుంది కదా, ఆ బండి దగ్గర కింద నిలబడి గంట కొట్టడం ఆయన పని. ఆ గంటకు లెక్క ఉంది. కింద నుంచి మూడు కొడితే, "మనుషులం పైకి రావడానికి సిద్ధంగా ఉన్నాం" అని అర్థం. పైనున్నవాడు నాలుగు కొడితే, "సరే, ఎక్కండి" అని. ఆ నాలుగూ వినబడే దాకా ఎవరూ బండిలో కాలు పెట్టకూడదు.

ఆదివారం వస్తే వీరబాబు కార్మికుల క్లబ్బులో పాడేవాడు. రేకుల కప్పు, పొడుగాటి హాలు, గోడలకు క్యారమ్ బోర్డులు. సాయంత్రం నాలుగింటికి పాటలు మొదలయ్యేవి. మైకు మున్వర్‌దే. వాళ్ళిద్దరికీ ఒక అలవాటు ఉండేది. పాడబోయే ముందు వీరబాబు తన వేలి ఇత్తడి ఉంగరంతో కుర్చీ చెక్క మీద మూడుసార్లు కొట్టేవాడు. మున్వర్ మెషిన్లన్నీ చూసుకుని, స్క్రూడ్రైవర్ పిడితో యాంప్లిఫయర్ పెట్టె మీద నాలుగు కొట్టేవాడు. అప్పుడు పాట మొదలయ్యేది. హాల్లో ఉన్న గని మనుషులందరూ నవ్వేవాళ్ళు.

ఒక ఆదివారం మున్వర్ వీరబాబు పాటను టేపు చేశాడు. మరుసటి వారం వీరబాబు భార్య రామక్కను దుకాణానికి తీసుకొచ్చి వినిపించాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. ఇంట్లో టేపు రికార్డరు లేదు కాబట్టి, "నీ దగ్గరే ఉండనీ తమ్మీ" అని క్యాసెట్ దుకాణంలోనే వదిలిపోయింది. మున్వర్ ఆ క్యాసెట్ నెత్తిన ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచేశాడు. రెక్క విరిగితే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. భద్రం.

రెండు నెలలకు గనిలో కప్పు కూలింది. పైన గంట దగ్గరున్నవాడు తర్వాత చెప్పాడు. కింద నుంచి మూడు దెబ్బలు వినబడ్డాయట. అతని చెయ్యి గంట తాడు దాకా వెళ్ళేలోపే నేల అదిరిందట. నాలుగు కొట్టడం కాలేదు. వీరబాబు పైకి రాలేదు.

పెద్ద దినం అయ్యాక రామక్క వచ్చింది. "ఆయన పాట ఒక్కపాలి పెట్టు తమ్మీ." మున్వర్ క్యాసెట్ వేశాడు. "రేపు ఆదివారం, మీ అయిదేళ్ళలోపు పిల్లలకు తప్పక చుక్కలు వేయించండి" అని తన గొంతే వినిపించింది. చటుక్కున ఆపేశాడు. రామక్క ముందు గదిలో ఉంది, ఆమెకు ఆ ముక్క అందలేదు. ప్రచారం ఆటో బయట హారన్ కొడుతుంటే, చేతికి అందిన క్యాసెట్ తీసి, విరిగిన రెక్క చిల్లు మీద ప్లాస్టర్ అంటించి రికార్డు చేసింది తనేనని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. పేరైనా చదవలేదు. ఆ చిల్లు మూసింది తన బొటనవేలే.

"టేపు చిక్కుకున్నది వదినె. తీసి పెడ్త" అన్నాడు.

ఆ మాట ఇరవై రెండేళ్ళు నడిచింది. ఆమె ఇప్పపువ్వు అమ్మడానికి వచ్చినప్పుడల్లా దుకాణం ముందు నిలబడేది. ఒకసారి టేపు చిక్కు, ఒకసారి బెల్టు తెగింది, ఒకసారి మోటారు పోయింది. ఆమె సరేనని తల ఊపి పోయేది. ఆమె పోయాక మున్వర్‌కు ఆ పూట అన్నం దిగేది కాదు.

*

మొన్న వేసవి మొదట్లో వీరబాబు తమ్ముడు పగిడయ్య దుకాణానికి వచ్చాడు. అన్నలా గనికి పోలేదు, వ్యవసాయం చేసుకునే మనిషి. పెళ్ళిళ్ళలో పాడతాడు.

"భాయ్, వదినె కబురు పంపింది."

"ఏమని?"

"కుడి చెవు పోయి రెండేండ్లాయె. ఇప్పుడు ఎడమది గూడ పోతున్నది. దవాఖానల చూపిస్తే, మిషను పెట్టుకుంటే మాట వినవడ్తది గని పాట సక్కగ వినవడదన్నరు. ఉన్న చెవు ఉండంగనే అన్న పాట వింటదట. ఆ టేపు చిక్కు తీసినవా లేదా అడిగి రమ్మన్నది."

మున్వర్ చేతిలో సోల్డరింగ్ గన్ను పొగలు కక్కుతోంది. "తీస్తున్న అని చెప్పు పగిడీ."

"ఇరవై ఏండ్ల సంది తీస్తనే ఉన్నవ్. అది టేపా, అడవి తీగనా?" పగిడయ్య నవ్వి, బీడీ వెలిగించుకున్నాడు. "ఇంకో మాట. మన క్లబ్బు కూలగొడ్తరట. వచ్చే ఐతారమే ఆఖరి పాటలు. నన్ను గూడ పాడమన్నరు."

లోపల్నుంచి మున్వర్ భార్య మలికా చాయ్ తెచ్చి, తలుపు దగ్గర ఆగిపోయింది. "యా అల్లా, నువ్వా పగిడయ్యా! లోపల్నుంచి వింటుంటే వీరబాబన్న వచ్చిండేమో అనుకున్న. గుండె జల్లుమన్నది. అచ్చం అదే గొంతు."

మున్వర్ సోల్డరింగ్ గన్ను కింద పెట్టేశాడు.

ఆ రాత్రంతా ఆయన అదే ఆలోచించాడు. అదే గొంతు. అదే హాలు, అదే రేకుల కప్పు. వచ్చే ఆదివారం దాటితే ఆ హాలు ఉండదు. పగిడయ్యతో ఆ పాటే పాడించి, రికార్డు చేసి, "ఇదిగో వదినె, చిక్కు తీసిన" అని ఇస్తే? సగం పోయిన చెవి. ముసలి ప్రాణం. తృప్తిగా వింటుంది. ఎవరికి నష్టం?

తెల్లారేసరికి అది అబద్ధంలా అనిపించడం మానేసింది. అది ఒక పని అయింది. పనికి సామాను కావాలి.

*

ఫోనుతో రికార్డు చేయడం ఆయనకు ఇష్టం లేదు. ఒక పెళ్ళిలో పగిడయ్య పాటను ఫోనులో పట్టి చూశాడు. డోలక్ దెబ్బ పడగానే గొంతు వెనక్కి పోతుంది, దెబ్బ ఆగగానే గొంతు మీదికి వస్తుంది. ఎవరో పాటను నీళ్ళలో ముంచి తీస్తున్నట్టు ఉంది. అందుకని కొత్తగూడెం బస్సెక్కి హీరాలాల్ దగ్గరికి పోయాడు. హీరాలాల్ పెళ్ళి వీడియోలు తీస్తాడు, సెకండ్‌హ్యాండ్ సామాను అమ్ముతాడు. ఇద్దరిదీ ముప్ఫై ఏళ్ళ స్నేహం.

"ఏంది మున్వర్ భాయ్, ఈ వయసుల స్టూడియో పెడ్తున్నవా?"

"క్లబ్బుల పాటలు పట్టాలె. చేతిల పట్టేది, తక్కువల వచ్చేది చూపియ్యి. కొత్తదొద్దు."

హీరాలాల్ మూడు వస్తువులు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఫోనుకు తగిలించే చిన్న కాలరు మైకు. "ఇది ఇంటర్వ్యూలకు. డోలక్ ముందల పెడితే సచ్చిపోతది." రెండోది అగ్గిపెట్టెలా ఉన్న వాయిస్ రికార్డర్. "ఇది కాలేజీ పిల్లలు పాఠాలు పట్టుకోనీకి. మాట మంచిగొస్తది, పాట రేకుడబ్బ లెక్కొస్తది." మూడోది అరచేయంత, నెత్తిన రెండు మైకులు మేక కొమ్ముల్లా అడ్డంగా ఉన్నాయి. బ్యాటరీ మూత పోయి రబ్బరు బ్యాండు కట్టి ఉంది. "నీకు ఇదే. గట్టి చప్పుడును తట్టుకుంటది. పక్కన చక్రం ఉన్నది సూడు, చప్పుడు ఎంత తీసుకోవాలో నువ్వే తిప్పుకోవచ్చు. ఎర్ర లైటు వెలిగితే ఎక్కువైనట్టు. పాట గట్టిగున్న కాడ లైటు వెలగకుండ పెట్టుకో, చాలు."

మున్వర్ దాన్ని తన పద్ధతిలో చూశాడు. ముందు తాళాల గుత్తి దాని ముందు ఆడించాడు. తర్వాత పది అడుగులు దూరం పోయి మెల్లగా మాట్లాడాడు. ఆఖరికి, ఏమీ మాట్లాడకుండా, ఊపిరి కూడా బిగబట్టి నిలబడ్డాడు. వచ్చి హెడ్‌ఫోను పెట్టుకుని, ఆ మాట్లాడని ముక్కను రెండుసార్లు విన్నాడు.

"ఏం వింటున్నవ్? ఏం లేదు గదా దాంట్ల."

"ఏం లేంది వింటున్న. ఖాళీల బుస్సుమంటే మిషను మంచిది కాదన్నట్టు. పాట ఏ మిషనైనా పడ్తది హీరా, ఖాళీని పట్టుడే కష్టం."

"నీ ఎడ్డి పరీక్షలు నువ్వు!" హీరాలాల్ నవ్వి, దాని వెనక ఉన్న చిన్న స్విచ్చు చూపించాడు. "ఒక్కటి ఇను. ఇది ఆటోల పెట్టకు. ఆటోల పెడితే చప్పుడు తగ్గినప్పుడల్ల ఇది తన చెవు తనే పెంచుకుంటది. ఎవ్వరు పాడకపోతే ఇంకా పెంచుకుంటది. ఎక్కడో ఏదో దొరికేదాక ఎతుకుతనే ఉంటది."

మున్వర్ ఆ స్విచ్చు మీద వేలు పెట్టి ఊరుకున్నాడు. వీరబాబును పట్టిన పాత టేపు రికార్డరు కూడా అలాంటిదే. దానికి అసలు చక్రమే లేదు. పాట ఆగినప్పుడల్లా అది గాలి పీల్చినట్టు ఉండేది. పాతదానిలా వినిపించాలంటే ఆ ఒక్క పాటకు స్విచ్చు ఆటోలోనే ఉండాలి. ఆ సంగతి హీరాలాల్‌కు చెప్పలేదు.

*

ఆదివారం క్లబ్బులో వంద మంది ఉన్నారు. ఎక్కువమంది రిటైరయిన గని మనుషులు. క్యారమ్ బోర్డులు అప్పటికే పీకేశారు. బోర్డులు ఉన్నచోట గోడ తెల్లగా ఉంది.

మున్వర్ రికార్డరును బల్ల మీద పెట్టలేదు. బల్ల మీద ఎవరు చెయ్యి వేసినా ఆ దెబ్బ పాటలోకి వస్తుంది. ఒక ఇనుప కుర్చీ తెచ్చి, దాని మీద నాలుగు మడతలు పెట్టిన గొంగడి వేసి, దాని మీద పెట్టాడు. పాడేవాళ్ళకు రెండు బారల దూరం. కుర్చీ చుట్టూ ఎవరినీ రానివ్వలేదు. మిగతా పాటలన్నీ చక్రం తిప్పుకుంటూ, ఎర్ర లైటు వెలగకుండా పట్టాడు. బాగానే వచ్చాయి.

పగిడయ్య వంతు వచ్చింది. మున్వర్ అతని చెవి దగ్గరికి వంగాడు. "మీ అన్న పాట పాడు."

పగిడయ్య మొహం మాడ్చుకున్నాడు. "అది నేను పాడ భాయ్. ఆయన పోయినంక ఎన్నడన్న పాడిన్నా?"

"ఈ హాలు రేపు ఉండదు. ఇక్కడ ఆ పాట మల్ల ఎవరు పాడ్తరు?"

పగిడయ్య కప్పు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "సరే. డోలక్ లేకుండనే ఎత్తుకుంట. నడిమిట్ల అందుకోమను."

డోలక్ రూప్లాది. ఆయన కూడా పాత గని మనిషే. డోలక్ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో తాళ్ళు బిగిస్తున్నాడు. మున్వర్ స్విచ్చును ఆటోలోకి నెట్టి, హెడ్‌ఫోను తీసేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హాలంతా సద్దుమణిగింది. పగిడయ్య ఒక చెయ్యి చెవికి, ఒక చెయ్యి గుండెకు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పపువ్వు రాలేలోగ ఇంటికొస్తనే,
దీపమింత దించిపెట్టు, దిగులు పడకే..."

రేకుల కప్పు ఆ గొంతును అందుకుంది. ముందు వరసలో ఒక ముసలాయన కండువా కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. మున్వర్ తల దించుకుని, నేల మీద తన చెప్పుల వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆయనకు తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

*

మర్నాడు పొద్దున్నే దుకాణం సగం షట్టరు దించి, హెడ్‌ఫోను పెట్టుకుని ఆ పాట విన్నాడు.

మొదట హాలు సద్దు. దగ్గు. కుర్చీల చప్పుడు. అది తగ్గుతూ తగ్గుతూ పోయింది. తగ్గేకొద్దీ మెషిను చెవి పెరుగుతున్నట్టు తెలుస్తోంది. బయట చెట్టు మీద కాకి, ఎక్కడో లారీ, రేకు మీద ఎండకు చిటపట. ఆ వెనక ఇంకా లోతున, గాలి ఉన్నట్టు ఒక మెత్తని రొద.

అప్పుడు టక్. టక్. టక్.

ఇత్తడి, చెక్క మీద. దూరం. తొందర లేదు.

తర్వాత ఖాళీ. చాలా ఖాళీ. ఎవరో దేనికోసమో ఆగినట్టు. ఆ తర్వాతే పగిడయ్య గొంతు సవరించుకోవడం, పాట.

మున్వర్ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ విన్నాడు. అదే చోట. మూడు.

"మలికా, ఇటు రా. ఇది ఇను."

ఆమె విన్నది. "ఎవరో కొట్టిన్రు. ఏమైతది?"

"ఎవరు కొట్టిన్రు?"

"నన్నడిగితే? క్లబ్బుల ఉన్నది నువ్వు."

ఆయన రూప్లాకు ఫోను చేశాడు. "రూప్లా, నిన్న పగిడయ్య పాటకు ముందు నువ్వేమన్న కొట్టినవా?"

"నా రెండు చేతులు తాళ్ళ మీదుండె గద భాయ్. నువ్వే సూస్తుంటివి. ఏమైంది?"

"ఏం లేదు."

చెక్క కుర్చీలు ఆ హాల్లో లేనేలేవు. పదేళ్ళ కిందటే అన్నీ ఇనుపవి అయ్యాయి. ఆ సంగతి మున్వర్‌కు ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది. ఎండ సందులోకి వచ్చేసింది, బయట కూరగాయల బండివాడు అరుస్తున్నాడు, అయినా ఆయన లేచి దుకాణంలో లైటు వేశాడు.

ఇక్కడే ఆయన పొరపాటు చేశాడు. జీవితమంతా మైకు వెనక నిలబడినవాడు చేసే పొరపాటు అది. భయం కొంచెం తగ్గాక, ఆయనకు అనిపించింది: మంచిదేగా. పాత టేపులో కూడా పాటకు ముందు మూడు దెబ్బలు ఉన్నాయి. రామక్క వాటిని విన్నది. ఇప్పుడు ఈ మూడూ ఉంటే ఇంక అనుమానమే ఉండదు. ఎవరు కొట్టారన్నది దేవుడికి తెలుసు. పనికొచ్చేవే కొట్టారు.

*

బుధవారం పగిడయ్య బండి వెనక కూర్చుని గూడేనికి పోయాడు. టేకులపల్లి దాటాక రోడ్డు అడవిలోకి తిరిగింది. ఇప్పచెట్ల కింద నేల ఊడ్చి ఉంది, రాలిన పువ్వు ఏరడానికి. దారంతా ఆ తియ్యటి పులుపు వాసన.

"టేపు చిక్కు తీసినవా నిజంగ?" పగిడయ్య వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"తీసిన. దీంట్లకు ఎక్కిచ్చిన." జేబులోని రికార్డరును తట్టాడు.

"మంచిగైంది భాయ్. నువ్వు మోసగానివని గూడెంల అందరంటరు. నేను కాదంట."

మున్వర్ జేబు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

రామక్క వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. మునుపటి కంటే చిన్నదైపోయింది. మున్వర్‌ను తన ఎడమ వైపు కూర్చోబెట్టుకుంది. "వచ్చినవా తమ్మీ! గట్టిగ మాట్లాడు. ఈ చెవు గూడ నీ టేపు లెక్క చిక్కుకుంటున్నది."

పగిడయ్య పకపకా నవ్వాడు. మున్వర్‌కు నవ్వు రాలేదు. రికార్డరు తీసి, ఆమె ఎడమ చెవికి హెడ్‌ఫోను పెట్టి, మీట నొక్కాడు. "అన్న పాట, వదినె. క్లబ్బుల పట్టింది."

ఇక ఆయనకు ఏమీ వినబడదు. ఆమె మొహమే కనబడుతుంది. కళ్ళు మూసుకుంది. కనుబొమ్మలు ముడుచుకుని వింటోంది. హాలు సద్దు వింటోంది కాబోలు. కాకి వింటోంది. ఉన్నట్టుండి ఆమె వేలు లేచింది. ఒకటి. రెండు. మూడు. ఆమె పెదవులు కదిలాయి. మొహం అంతా విప్పుకుంది, పెళ్ళికూతురు మొహంలా.

తర్వాత ఆ వేలు అట్లాగే గాల్లో ఆగింది. ఆగి, దేనికోసమో చూసింది. కళ్ళు తెరిచింది.

"తమ్మీ, నీ నాలుగేవి?"

మున్వర్‌కు అర్థం కాలేదు. "ఏంది వదినె?"

"ఆయన మూడు కొట్టిండు. నువ్వు నాలుగు కొడ్తవు గద, పెట్టె మీద. టేపుల ఉండె. నేనిన్న గద ఆనాడు. గంటలకు జవాబు లేకుండ ఆయన పాట ఎత్తుకోడు. ఎన్నడు ఎత్తుకోడు." ఆమె హెడ్‌ఫోను పీకి ఒళ్ళో పెట్టుకుంది. లోపల పాట సన్నగా, దోమలా వినిపిస్తూనే ఉంది. "ఇది పగిడయ్య గొంతు. ఒక చెవు పోయినా ఆ మాత్రం తెలుస్తది నాకు. నా టేపేది?"

ఇన్నేళ్ళుగా అందరి చప్పుళ్ళూ పట్టినవాడు తన చప్పుడును మరిచిపోయాడు. ఆ టేపులో తను ఉన్నాడని ఆయనకు ఒక్కసారి కూడా తోచలేదు.

మున్వర్ మంచం దిగి నేల మీద కూర్చున్నాడు. చెప్పేశాడు. ఆమెకు వినబడాలి కాబట్టి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ప్రచారం ఆటో, ప్లాస్టర్, పోలియో చుక్కలు, ప్రతి ఏడూ చెప్పిన చిక్కు, బెల్టు, మోటారు, ఇప్పుడు ఈ పాట. అంత సిగ్గుమాటను గూడెమంతా వినేటట్టు అరిచి చెప్పాడు. పక్క ఇంటి వాళ్ళు బయటికి వచ్చారు. పగిడయ్య బీడీ నేలకేసి కొట్టి, లేచి బండి దాకా పోయి, అక్కడే నిలబడిపోయాడు.

రామక్క మంచం కోడు పట్టుకుని ముందుకు వంగింది.

"చిక్కు చిక్కు అని ఇరవై ఏండ్లు చెప్తివి. ఏ టేపుకు ఉంటదయ్యా అంత చిక్కు? నువ్వు పారేసుకున్నవనుకున్న. అడుగుడు మానితే ఆయన్ని నేను గూడ ఇడిసిపెట్టినట్టయితదని అడుగుకుంట వచ్చిన." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ టేపు నాకు తెచ్చియ్యి."

"దాంట్ల అన్న లేడు వదినె. నా కూతలే ఉన్నయ్."

"నీ కూతల కింద ఉన్నడు గద. కిందనే ఉన్నడు."

ఆ మాటకు మున్వర్ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. ఒళ్ళో ఉన్న హెడ్‌ఫోను వైపు చూస్తోంది.

"పగిడయ్యా! ఇట్ల రా. పాటకు ముందల నువ్వు కొట్టినవా, మూడు?"

"నేను కొట్టలే వదినె. నాకు ఆ లెక్కలు ఏం తెలుసు? నేనేమన్న గనిల చేసిన్నా?"

"మరెవరు కొట్టిన్రు?"

ఇప్పచెట్ల వైపు నుంచి గాలి వచ్చి వాకిట్లో దుమ్ము లేపింది.

"ఆనాడు గూడ మూడు కొట్టిండట" అంది రామక్క, ఎవరితోనో కాదు, తనలో తను అన్నట్టు. "పైనోడు జవాబియ్యకముందే అయిపోయిందట. జవాబు లేంది ఆయన బండి ఎక్కడు. నిబంధన మనిషి. నిలవడి ఉంటడు అట్లనే."

మున్వర్ వైపు తిరిగింది. "పాటొద్దు నాకు. ఆ మూడే పెట్టు. అందరికి వినవడేటట్టు పెట్టు."

ఆయన హెడ్‌ఫోను వైరు పీకి, సంచీలోని చిన్న స్పీకరుకు తగిలించాడు. చప్పుడు పూర్తిగా పెంచి, పాటను మొదటికి తిప్పాడు. హాలు సద్దు వాకిలంతా పరుచుకుంది. దగ్గులు. కాకి. లారీ. రేకు చిటపట. ఆ రొద, గాలి ఉన్నట్టు. పక్కింటివాళ్ళు మాట్లాడటం ఆపేశారు.

టక్. టక్. టక్.

రామక్క చేతి కడియం తీసి, మంచం కోడు మీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. తొందరపడలేదు. నాలుగోది కొట్టి, కడియాన్ని అట్లాగే కోడుకు ఆనించి పట్టుకుంది, అవతల బండి కదిలే అదురు చేతికి తెలుస్తుందేమో అన్నట్టు.

స్పీకరులో ఆ ఖాళీ ముగిసింది. అందులో పగిడయ్య గొంతు సవరించుకున్నాడు. పాట మొదలైంది.

మున్వర్ దాన్ని ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పబోయాడు. రామక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇగ చాలు తమ్మీ" అంది, కడియం మళ్ళీ చేతికి ఎక్కించుకుంటూ. "ఎక్కిండు."